స్కోపు ట్యూబు లావెంత ఉండాలి?

రైఫిల్‌కి స్కోపు కొనాలనుకునేవాడి అసలు ప్రశ్న దూరం గురించి. అతనికి దొరికే జవాబు మాత్రం ట్యూబు గురించి. అంగుళం ట్యూబు పాతబడిపోయిందనీ, 30 మిల్లీమీటర్లదైతే వెలుగు బాగా వస్తుందనీ, 34 తీసుకుంటే ఇక తిరుగే ఉండదనీ చెబుతారు. ఈ మూడు మాటల్లో మొదటిది సగం నిజం, రెండోది అబద్ధం, మూడోది అందరికీ వర్తించని నిజం. ట్యూబు లావు ముందుగా ఎంచుకోవాల్సిన అంకె కాదని ఈ వ్యాసం వాదన. ఎంత దూరం కాలుస్తాం, ఏ గుండుతో కాలుస్తాం, రైఫిల్ మీద ఏ మౌంటు కూర్చుంటుంది అన్న మూడు సంగతులు తేలాక ఆ అంకె దానంతట అదే తేలుతుంది. ఢిల్లీ, గురుగ్రామ్, నోయిడా, ఫరీదాబాద్ చుట్టుపక్కల ఉన్న రేంజులనూ, అక్కడ మామూలు మనిషి చేతికి చట్టప్రకారం వచ్చే తుపాకులనూ దృష్టిలో పెట్టుకుంటే, ఎక్కువమందికి అది 30 దాటదు. చాలామందికి అంగుళమే చాలు.

ముందు ఈ అంకెలు ఎక్కడి నుంచి వచ్చాయో చూడాలి. అంగుళం, అంటే 25.4 మిల్లీమీటర్లు, అమెరికా కొలత. జర్మన్లు చాలాకాలం 26 మిల్లీమీటర్ల ట్యూబులు చేశారు. ఆ 0.6 తేడా వల్ల అంగుళం రింగులో పాత జర్మన్ స్కోపు పట్టదు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం స్ప్రింగ్‌ఫీల్డ్ స్నైపర్ రైఫిళ్ళకు బిగించిన వీవర్ స్కోపు ట్యూబు ముప్పావు అంగుళమే. తరువాత ఐరోపా వేట స్కోపులతో 30, దూరపు షూటింగుతో 34 వచ్చాయి. లూపోల్డ్ మార్క్ 5హెచ్‌డీకి 35, జైస్ విక్టరీ వీ8లో పెద్దవాటికి 36, స్వరోవ్‌స్కీ డీఎస్‌కి 40. ఎనభై ఏళ్ళలో ట్యూబు లావు రెట్టింపయింది. షూటర్ కంటిపాప మాత్రం అప్పుడూ ఇప్పుడూ చీకట్లో 7 మిల్లీమీటర్లకు మించి విచ్చుకోలేదు. నడివయసు దాటాక 5 దగ్గరే ఆగిపోతుంది.

వెలుగు మాట ఇక్కడే తేల్చేయవచ్చు. పైపు లావైతే నీళ్ళు ఎక్కువ పారతాయి కాబట్టి ట్యూబు లావైతే వెలుగు ఎక్కువ పారుతుందన్నది వినగానే నమ్మబుద్ధేసే పోలిక. కానీ స్కోపులో వెలుగు ట్యూబు గోడలను ఒరుసుకుంటూ పారదు. ముందున్న ఆబ్జెక్టివ్ అద్దం దాన్ని పోగుచేసి, ట్యూబులోకి వచ్చేసరికి సన్నని శంకువులా కుదించి, ఒక తలం మీద బొమ్మగా నిలబెడుతుంది. కంటికి చేరే వెలుగు కడ్డీ లావు ఎంతో తెలియాలంటే ఆబ్జెక్టివ్ వ్యాసాన్ని మాగ్నిఫికేషన్‌తో భాగిస్తే సరి. 3-9x40 స్కోపుని 9 మీద పెడితే 4.4 మిల్లీమీటర్లు. 8x56 అయితే సరిగ్గా 7. ఈ లెక్కలో ట్యూబు ఎక్కడా లేదు. 26 మిల్లీమీటర్ల ట్యూబు ఉన్న 8x56 స్కోపులతోనే జర్మన్ వేటగాళ్ళు దశాబ్దాల తరబడి మునిమాపు వేళ అడవిపందులను కొట్టారు.

వెలుగు నిజంగా పోయేది అద్దాల ఉపరితలాల దగ్గర. పూత లేని గాజు ఉపరితలం ఒక్కోటీ సుమారు 4 శాతం వెలుగుని వెనక్కి కొడుతుంది. పది అద్దాలున్న స్కోపులో ఇరవై ఉపరితలాలు. 0.96ని ఇరవైసార్లు హెచ్చిస్తే మిగిలేది 44 శాతం. అంటే సగానికి పైగా దారిలోనే పోయింది. జైస్ కంపెనీలో అలెగ్జాండర్ స్మకులా 1935లో కనిపెట్టిన పరావర్తన నిరోధక పూత ఈ లెక్కను మార్చింది. నేటి బహుళ పూతలతో ఒక్కో ఉపరితలం దగ్గర అర శాతమే పోతుందనుకున్నా, ఇరవై దాటాక 90 శాతం మిగులుతుంది. 44 ఎక్కడ, 90 ఎక్కడ! ఈ రెట్టింపు తేడా అంతా ఆ పూతది. 30 మిల్లీమీటర్ల స్కోపు అంగుళం స్కోపు కంటే వెలుగ్గా కనిపించిందని ఎవరైనా అంటే, అది అబద్ధమని కొట్టిపారేయనక్కర్లేదు. ఖరీదైన స్కోపులకు మంచి పూతలూ ఉంటాయి, లావు ట్యూబులూ ఉంటాయి. కళ్ళు చూసింది నిజమే, కారణం వేరు.

మరి లావు దేనికి? టరెట్ (గురిని సర్దే చక్రం) తిప్పినప్పుడు ట్యూబు లోపల ఏం జరుగుతుందో చూస్తే తెలుస్తుంది. పెద్ద ట్యూబులో ఇంకో సన్నని ట్యూబు ఉంటుంది. తలకిందులైన బొమ్మను నిటారుగా నిలబెట్టే అద్దాలు అందులో ఉంటాయి. దాని వెనక కొస కీలు మీద ఆనుకుని ఉంటుంది. ముందు కొసను పైనుంచీ పక్కనుంచీ రెండు మరలు నొక్కుతుంటే, ఎదుటి వైపు నుంచి స్ప్రింగు వెనక్కి తోస్తుంది. ఒక క్లిక్కు తిప్పితే ఆ కొస ఎంత జరుగుతుంది? ఆబ్జెక్టివ్ నాభి దూరం 200 మిల్లీమీటర్లనుకుందాం. 0.1 మిల్లీరేడియన్ క్లిక్కుకి లోపలి ట్యూబు జరిగేది 0.02 మిల్లీమీటరు, తలవెంట్రుక మందంలో మూడో వంతు. అదే 100 మీటర్ల దూరంలో గుండు తగిలే చోటుని ఒక సెంటీమీటరు జరుపుతుంది. లోపలి ట్యూబు ఒక మిల్లీమీటరు జరిగితే 5 మిల్లీరేడియన్లు, 100 మీటర్ల దగ్గర అర మీటరు. ఇక అంగుళానికీ 30కీ మధ్య తేడా 4.6 మిల్లీమీటర్లు, ఒక్కో వైపు 2.3. లోపలి ట్యూబుని అలాగే ఉంచి బయటిదాన్ని మాత్రమే లావు చేస్తే, ఒక్కో వైపు 11.5 మిల్లీరేడియన్ల జాగా అదనంగా దొరుకుతుంది. దూరపు షూటింగుకి ఇది చిన్న లాభం కాదు. లావు ట్యూబుకి ఉన్న అసలు గొప్పదనం ఇదే, దీన్ని కాదనే పని లేదు.

అయితే ఆ జాగా కొనేవాడిదాకా వస్తుందా అన్నదే ప్రశ్న. తయారీదారు ఆ 2.3 మిల్లీమీటర్లలో కొంత గోడ మందానికి వాడుకోవచ్చు, కొంత లోపలి అద్దాలను పెద్దవి చేయడానికి వాడుకోవచ్చు. మిగిలిందే సర్దుబాటు. కంపెనీలు ప్రకటించే అంకెలు పక్కపక్కన పెట్టి చూడండి. ష్మిట్ అండ్ బెండర్ పీఎం2 5-25x56 ట్యూబు 34, మొత్తం ఎలివేషన్ (నిలువు సర్దుబాటు) 26 మిల్లీరేడియన్లు. వార్టెక్స్ రేజర్ జెన్-2 4.5-27x56 ట్యూబు కూడా 34, ఎలివేషన్ దాదాపు 33. ఒకే లావు, నాలుగో వంతు తేడా. అదే వార్టెక్స్ వాళ్ళ చవక రకం డైమండ్‌బ్యాక్ టాక్టికల్ 4-16x44 ట్యూబు 30 మాత్రమే. దాని ఎలివేషన్ సుమారు 25, అంటే తనకన్నా ఎన్నో రెట్లు ఖరీదైన 34 మిల్లీమీటర్ల జర్మన్ స్కోపుకి ఒక్క మెట్టు కింద. ఆ డైమండ్‌బ్యాక్‌లోనే 6-24x50 తీసుకుంటే, ట్యూబు అదే 30 అయినా, ఎలివేషన్ 19కి పడిపోతుంది. మాగ్నిఫికేషన్ పెంచడానికి నాభి దూరం పెంచితే, లోపల అదే మిల్లీమీటరు కదలికకు బయట తక్కువ కోణం వస్తుంది. కాబట్టి ట్యూబు లావు చూసి సర్దుబాటుని అంచనా వేయడం, డబ్బా సైజు చూసి స్వీటు బరువు చెప్పడమే. ఎలివేషన్ ఎంతో కంపెనీ కాగితం మీదే ఉంటుంది. దాన్ని నేరుగా చదువుకుంటే పోయే.

ఆ కాగితం చదివేటప్పుడు గుర్తుంచుకోవాల్సినవి రెండున్నాయి. మొదటిది, ప్రకటించిన అంకె మొత్తం కదలిక. రైఫిల్ మీది చదునైన మౌంటు రైలు మీద బిగిస్తే అందులో పైకి దొరికేది సగమే. రెండోది చాలామందికి తట్టదు. లోపలి ట్యూబు కదిలేది గుండ్రని జాగాలో. దాన్ని నిలువుగా అంచుదాకా నెట్టేస్తే పక్కలకు జరగడానికి చోటుండదు. ఎలివేషన్ చివరికంటా వాడినవాడికి గాలి సర్దుబాటు చేతిలో ఉండదు. పైగా బొమ్మ అద్దాల అంచుల్లోంచి రావాలి గనక స్పష్టత తగ్గుతుంది. ఈ రెండు ఇబ్బందులకూ లావు ట్యూబు ఒక మందు. ఇంతకంటే చవకైన మందు ఇంకోటుంది, 20 ఎంవోఏ (మినిట్ ఆఫ్ యాంగిల్) వాలు రైలు. 20 ఎంవోఏ అంటే 5.8 మిల్లీరేడియన్లు. 150 మిల్లీమీటర్ల పొడవున్న రైలులో వెనక కొస ముందు కొస కంటే 0.9 మిల్లీమీటరు ఎత్తుగా ఉంటే చాలు. అంగుళం ట్యూబుతో దూరం అందడం లేదని స్కోపే మార్చేయబోయేవాళ్ళలో చాలామందికి కావాల్సింది మిల్లీమీటరు కూడా లేని ఈ వాలే.

దీనికి రుజువు 1000 గజాల పోటీల్లోనే ఉంది. స్కోపుతో దూరం కాల్చే ఎఫ్-క్లాస్ పోటీల షూటర్ల కోసం చేసిన నైట్‌ఫోర్స్ కాంపిటీషన్ 15-55x52, వార్టెక్స్ గోల్డెన్ ఈగిల్ 15-60x52 రెండింటికీ ట్యూబు 30 మాత్రమే, ఎలివేషన్ సుమారు 55 ఎంవోఏ, అంటే 16 మిల్లీరేడియన్లు. .308 గుండుకి 100 గజాల జీరో (ఆ దూరానికి గురి కుదిర్చిన స్థానం) నుంచి 1000 గజాలకు కావాల్సింది దాదాపు 11. సగం లెక్కన 8 మాత్రమే దొరికే స్కోపుకి వాలు రైలు తోడైతే 13.8 అవుతుంది, పని జరిగిపోతుంది. ట్యూబు పెంచకపోవడం వల్ల ఆ నైట్‌ఫోర్స్ బరువు 800 గ్రాముల లోపే ఆగింది. అదే కంపెనీ 34 మిల్లీమీటర్ల ఏటీఏసీఆర్ 7-35x56 కిలో దాటుతుంది. రైఫిల్ బరువుకి హద్దున్న పోటీలో ఆ 300 గ్రాములు ఊరికే రావు.

ఇక ఢిల్లీ సంగతి. తుగ్లకాబాద్‌లోని డాక్టర్ కర్ణీసింగ్ షూటింగ్ రేంజ్ 1982 ఆసియా క్రీడల కోసం కట్టింది, 2010 కామన్వెల్త్ క్రీడలకు కొత్తగా తీర్చిదిద్దారు. రైఫిల్‌కి అక్కడున్న దూరాలు ప్రధానంగా 10 మీటర్లు, 50 మీటర్లు. అంతర్జాతీయ సమాఖ్య నియమాల ప్రకారం ఆ రెండు పోటీల్లోనూ స్కోపు నిషిద్ధం. కంటి ముందు చిన్న రంధ్రం, గొట్టం కొసన వలయం, వీటితోనే గురి. ఎయిర్ రైఫిల్ లక్ష్యంలో పది పాయింట్ల చుక్క వ్యాసం అర మిల్లీమీటరు. హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2010లో ఇదే రేంజిలో నాలుగు స్వర్ణాలు కొట్టినా, 2012 లండన్ ఒలింపిక్స్‌లో కంచు గెలిచినా మధ్యలో మాగ్నిఫికేషన్ లేదు. స్కోపుని అనుమతించే రన్నింగ్ టార్గెట్ పోటీ 2004 ఏథెన్స్‌తో ఒలింపిక్స్ నుంచి వెళ్ళిపోయింది. 10 మీటర్ల రన్నింగ్ టార్గెట్‌లో కూడా 4 రెట్లకు మించిన స్కోపు పనికిరాదు. పిల్లల్ని తుగ్లకాబాద్‌లో చేర్పిస్తూ స్కోపుల ధరలు వాకబు చేసే తెలుగు తల్లిదండ్రులకు ఇంతకంటే చవకైన సలహా ఉండదు. ఆ డబ్బు జాకెట్‌కీ గుళ్ళకూ దాచుకోండి.

రాజధాని ప్రాంతంలో నిజంగా దూరం కాల్చిన పోటీ ఒకటుంది. 2010 కామన్వెల్త్ క్రీడల ఫుల్‌బోర్ పోటీలను గురుగ్రామ్ దగ్గర కాదర్‌పూర్ సీఆర్‌పీఎఫ్ ప్రాంగణంలో పెట్టారు. 7.62 రైఫిళ్ళతో 1000 గజాల దాకా కాల్చారు. అక్కడా రైఫిల్ మీద స్కోపు లేదు, అపర్చర్ సైటే. కిలోమీటరుకు కాస్త తక్కువ దూరంలో రంధ్రంలోంచి చూసి పతకాలు కొట్టినచోట, వంద మీటర్లు కూడా కాల్చనివాడు 34 మిల్లీమీటర్ల ట్యూబు గురించి బెంగపడటం కాస్త విడ్డూరమే.

పోటీలు వదిలేసి, స్కోపు పెట్టుకోగల మామూలు మనిషి దగ్గరికి వద్దాం. అతని దగ్గర ఉండేది ఎయిర్ రైఫిలో, .22 రైఫిలో, లైసెన్సు మీద వచ్చిన .315 స్పోర్టింగ్ రైఫిలో. .22 స్టాండర్డ్ గుండు సెకనుకు 330 మీటర్ల వేగంతో బయల్దేరుతుంది. 50 మీటర్లకు జీరో చేసిన రైఫిల్‌తో 100 మీటర్లు కాల్చాలంటే పైకి తిప్పాల్సింది 2 మిల్లీరేడియన్ల పైచిలుకు. మామూలు 3-9x40 అంగుళం స్కోపులో మొత్తం ఎలివేషన్ 60 ఎంవోఏ, అంటే 17 మిల్లీరేడియన్లు. సగం వేసుకున్నా 8.7. ట్యూబు అక్కడ అడ్డే కాదు. ఎయిర్ రైఫిల్ దూరాలు ఇంకా తక్కువ, అడ్డంకి మాత్రం వేరేచోట ఉంది. 2016 ఆయుధ నియమాల ప్రకారం 4.5 మిల్లీమీటర్ల బోరు, 20 జౌళ్ళు మించని ఎయిర్ గన్‌లకు లైసెన్సు అక్కర్లేదు గనక చాలామంది కొనేది అవే, వాటిలో ఎక్కువ స్ప్రింగువి. స్ప్రింగు తుపాకీ ముందు వెనక్కి తన్ని, పిస్టన్ ఆగగానే ముందుకు తన్నుతుంది. వెనక తన్నుకు మాత్రమే చేసిన స్కోపులో అద్దాలు వదులైపోవడం ఈ రెండో తన్నువల్లే. బరువైన స్కోపు పెడితే మౌంటు జారిపోతుంది. ఆ తుపాకుల మీద ఉండేది 11 మిల్లీమీటర్ల డవ్‌టెయిల్ గాడి. దానికి అంగుళం రింగులూ 30 రింగులూ సులువుగా దొరుకుతాయి, 34 రింగులు అరుదు. .315 కథ ఇంకోలా ఉంటుంది. లీ-ఎన్‌ఫీల్డ్ వంశం నుంచి వచ్చిన ఆ రైఫిల్ ఇనుప సైట్లతో వాడేందుకు చేసింది. దానికి మౌంటు బిగించడమే పెద్ద పని, ట్యూబు లావు ఆ తరువాతి మాట.

అభ్యంతరాలు లేకపోలేదు. లావు ట్యూబు గట్టిదంటారు. నిజమే. గోడ మందం ఒకటే అయితే వంగకుండా నిలిచే శక్తి వ్యాసం ఘనంతో పెరుగుతుంది. అంగుళం నుంచి 30కి వెళ్తే 65 శాతం, 30 నుంచి 34కి ఇంకో 45 శాతం. కానీ స్కోపుని వంచేది సాధారణంగా తుపాకీ తన్ను కాదు, ఒకే గీతలో లేని రెండు రింగులూ, వాటిని పళ్ళు బిగించి తిప్పిన చెయ్యీ. రింగు టోపీ మరలకు చాలామంది తయారీదారులు చెప్పేది 15 నుంచి 18 అంగుళం-పౌండ్లు, సుమారు 2 న్యూటన్ మీటర్లు. టార్క్ రెంచి లేకుండా దానికి రెట్టింపు బిగిస్తే 34 ట్యూబు కూడా నొక్కుకుపోతుంది, లోపలి ట్యూబు పట్టేస్తుంది. ఢిల్లీ జనవరిలో 5 డిగ్రీలు, జూన్‌లో 45 కదా, ఉక్కు రింగులో అల్యూమినియం ట్యూబు వ్యాకోచిస్తే ఎలా అని కొందరి భయం. నలభై డిగ్రీల తేడాకు 30 మిల్లీమీటర్ల అల్యూమినియం 0.028 మిల్లీమీటరు పెరుగుతుంది, ఉక్కు 0.014. మధ్య తేడా మిల్లీమీటరులో వందో వంతు పైచిలుకు. 34కి అది ఇంకాస్త ఎక్కువే అవుతుంది తప్ప తగ్గదు.

ఇంతకంటే బలమైన అభ్యంతరం మరొకటుంది. లావుతో లాభం లేకపోతే పేరున్న కంపెనీలన్నీ అటే ఎందుకు పోతున్నాయి? జవాబు జూమ్ నిష్పత్తిలో ఉంది. పాత 3-9 స్కోపు మూడు రెట్ల జూమ్. నేటివి ఐదు, ఆరు, ఎనిమిది రెట్లు. తక్కువ మాగ్నిఫికేషన్ దగ్గర దృశ్యం వెడల్పుగా కనిపించాలంటే మొదటి తలం మీద పడే బొమ్మ పెద్దదై ఉండాలి. 100 మీటర్ల దగ్గర 10 మీటర్ల వెడల్పు చూపాలంటే 200 మిల్లీమీటర్ల నాభి దూరానికి బొమ్మ వ్యాసం 20 మిల్లీమీటర్లు కావాలి. దాన్ని అంగుళం ట్యూబులో, లోపలి ట్యూబు కదిలే జాగా కూడా మిగిల్చి ఇరికించడం కుదిరే పని కాదు. కాబట్టి పెద్ద జూమ్ కావాలనుకున్నవాడు సాధారణంగా లావు ట్యూబు తీసుకోక తప్పదు. అలాగని అతను లావుని ఎంచుకున్నట్టు కాదు, ఎంచుకున్నది జూమ్‌ని. మరోపక్క స్వరోవ్‌స్కీ వాళ్ళు తమ జెడ్3 శ్రేణిని దాదాపు మూడు రెట్ల జూమ్‌తో అంగుళం ట్యూబులోనే తెచ్చారు. దాని అద్దాలను నాసిరకమని ఎవరూ అనలేరు.

రేపు దూరం కాలుస్తానేమో, ఇవాళే పెద్దది కొనేస్తే పోలా అన్నది మూడో మాట. అమెరికాలో ఈ మాటకు బలముంది. ఇక్కడ లేదు. 2019 ఆయుధ చట్ట సవరణ తరువాత సామాన్య లైసెన్సుదారు రెండు తుపాకులకు మించి ఉంచుకోలేడు, సైనిక బోర్లు అతని లైసెన్సు మీదికి రావు. కొన్న స్కోపు ఆ రైఫిల్ మీదే ఏళ్ళ తరబడి ఉంటుంది. రాని రేపటి కోసం 300 గ్రాములు భుజాన మోయడమే మిగులుతుంది.

వేట వాదన ఇంకా తొందరగా తేలిపోతుంది. ఐరోపాలో 30 మిల్లీమీటర్ల స్కోపులకు గిరాకీ తెచ్చింది మునిమాపు వేట. మనకు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఆ తలుపు మూసేసింది. పంట నాశనం చేసే జంతువులను కాల్చడానికి రాష్ట్రాలు అనుమతించే సందర్భాలున్నాయి. 2016 జూన్‌లో బిహార్‌లోని మొకామాలో నీలగాయిలను కాల్చడానికి హైదరాబాద్ నుంచి షూటర్లను రప్పించడం, దానిపై కేంద్రమంత్రి మేనకా గాంధీ బహిరంగంగా మండిపడటం పత్రికలు చదివేవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. అలాంటి పనికైనా కావాల్సింది పెద్ద ఆబ్జెక్టివూ, తక్కువ మాగ్నిఫికేషనూ. ఢిల్లీ నవంబరు పొగలో అవి కూడా అంతంతమాత్రమే. అక్కడ లోటు వెలుగుది కాదు, కాంట్రాస్టుది. గాలిలోని ధూళి వెలుగుని చెదరగొడితే ఏ ట్యూబూ దాన్ని మళ్ళీ కూర్చలేదు. ఎండాకాలం మధ్యాహ్నం నేల మీది సెగ లక్ష్యాన్ని అలలా ఊపుతుంటే, 25 రెట్ల స్కోపున్నవాడు కూడా 12కి దించుకోక తప్పదు.

34 మిల్లీమీటర్లు న్యాయంగా దక్కాల్సినచోటు కూడా ఉంది. 2019 ప్రాంతంలో మన సైన్యం బెరెట్టా స్కార్పియో లాంటి .338 లపువా రైఫిళ్ళు తెచ్చుకుంది. 1500 మీటర్లకు ఆ గుండుకి కావాల్సిన ఎలివేషన్, బరువునీ వేగాన్నీ బట్టి 20 మిల్లీరేడియన్లకు అటూఇటూ. అంత తిప్పాక కూడా గాలికి సర్దుకునే జాగా మిగలాలంటే లావు ట్యూబే సరైనది. అయినా, వాటికి ముందు దశాబ్దాలపాటు సైన్యం చేతిలో ఉన్న డ్రాగునోవ్ రైఫిల్ స్కోపు పీఎస్‌వో-1 4x24 మాత్రమే. దాని ఎలివేషన్ చక్రం మీద 1000 మీటర్ల దాకా గుర్తులున్నాయి. మానేసర్‌లోని ఎన్‌ఎస్‌జీ వాడిన పీఎస్‌జీ-1 రైఫిల్ స్కోపు 6x42. దాని గుర్తులు 100 నుంచి 600 మీటర్లు. నగరంలో బందీలను విడిపించే పనికి అంతకు మించిన దూరం అరుదు. ఇక రాత్రి విషయానికొస్తే, బలగాలు చీకటిని జయించేది స్కోపు ట్యూబుతో కాదు, వెలుగుని ఎలక్ట్రానిక్ పద్ధతిలో పెంచే నైట్ విజన్ పరికరాలతో. 1926లో ఆంధ్ర సైంటిఫిక్ కంపెనీగా పుట్టి, 1983లో భారత్ ఎలక్ట్రానిక్స్‌లో కలిసిన మచిలీపట్నం కర్మాగారం తయారుచేసేవి అలాంటివే. స్కోపు ముందు అలాంటి పరికరం తగిలిస్తే తుపాకీ మూతి బరువెక్కుతుంది. అప్పుడు స్కోపులో మిగిల్చుకున్న ప్రతి వంద గ్రాములూ పనికొస్తాయి.

కొనే కాగితం రాసే అధికారికైనా, సొంత డబ్బు పెట్టే లైసెన్సుదారుకైనా వరస ఒకటే. ముందు కాల్చబోయే అత్యధిక దూరం, ఆ గుండుకి అక్కడ కావాల్సిన ఎలివేషన్. దానికి గాలి కోసం మూడో వంతు కలుపుకోవాలి. చదును రైలా, వాలు రైలా తేల్చుకోవాలి. తరువాత ఆబ్జెక్టివ్, జూమ్, బరువు. ఆ పైన, ఆ రైఫిల్ గాడికి సరిపడే రింగులు ఎక్కడ దొరుకుతాయో కనుక్కోవాలి. టెండరులో "34 మిల్లీమీటర్ల ట్యూబు తప్పనిసరి" అని రాస్తే 26 మిల్లీరేడియన్ల స్కోపు లోపలికి వస్తుంది, 25 ఉన్న 30 మిల్లీమీటర్లది మూడో వంతు ధరకైనా బయటే ఉండిపోతుంది. "ఎలివేషన్ 24 మిల్లీరేడియన్లకు తగ్గరాదు" అని రాస్తే రెండూ ఒకే బల్ల మీదికి వస్తాయి, వాటి అద్దాలను పక్కపక్కన పెట్టి చూసే వీలు కలుగుతుంది.